విజేత లేని ఏడాది

ఓడినవారి పేరును చరిత్ర సాధారణంగా దాచదు గానీ, చిన్న అక్షరాలతో రాస్తుంది. గెలిచినవారూ ఓడినవారూ ఒకే పరిమాణపు అక్షరాలతో పక్కపక్కనే నిలిచిన సందర్భం ఒకటి నన్ను చాలాకాలంగా ఆకర్షిస్తున్నది. అది మనకు బొత్తిగా పరిచయం లేని మంచు హాకీకి సంబంధించినది. క్రికెట్టు తప్ప మరో ఆట ఎరుగని మిత్రులు కూడా కాస్త ఓపిక పట్టి చదవాలని మనవి.

కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ 1892లో బహూకరించిన వెండి పాత్రే స్టాన్లీ కప్పు. గెలిచిన జట్ల పేర్లను దానిమీద చెక్కుతారు. 1919 మార్చిలో ఆ కప్పు కోసం తూర్పున నేషనల్ హాకీ లీగు విజేత మాంట్రియల్ కెనేడియన్స్, పడమటి తీరపు లీగు విజేత సియాటిల్ మెట్రోపాలిటన్స్ తలపడ్డాయి. అయిదు ఆటలలో మూడు గెలిచినవారిది కప్పు. ఆటలన్నీ సియాటిల్‌లోనే. 1917లో ఇదే మాంట్రియల్‌ను ఓడించి, కప్పు గెలిచిన తొలి అమెరికా జట్టుగా సియాటిల్ పేరు పొందింది. కనుక పాత బాకీ ఒకటి మిగిలే ఉన్నది.

చిత్రమేమిటంటే రెండు లీగుల నియమాలు వేరు. పడమటివారు జట్టుకు ఏడుగురితో ఆడేవారు, తూర్పువారు ఆరుగురితో. అందుచేత ఒక ఆట వారి పద్ధతిలో, ఒకటి వీరి పద్ధతిలో జరగాలని ఒప్పందం. మొదటి ఆటలో సియాటిల్ 7-0తో గెలిచింది. రెండవదానిలో మాంట్రియల్ 4-2తో బదులు చెప్పింది. ఆ నాలుగు గోల్సూ న్యూసీ లాలోండ్ ఒక్కడివే. మూడవది సియాటిల్‌కు 7-2.

నాలుగవ ఆట మార్చి 26న. మొదటి భాగం ముగుస్తున్న క్షణాన సియాటిల్ ఆటగాడు కల్లీ విల్సన్ గోల్ కొట్టాడు. కాలం మించిపోయిందని రిఫరీ దానిని ఒప్పుకోలేదు. నియమిత కాలం ముగిసింది, అదనపు సమయమూ ముగిసింది, గోల్ మాత్రం లేదు. 0-0. ఆ ఒక్క గోల్ చెల్లి ఉంటే కప్పు ఆ రాత్రే సియాటిల్‌దై, తరువాతి కథ జరిగేదే కాదు. రెప్పపాటు తేడాలమీద ఎంత బరువు వేలాడుతుందో తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది.

మార్చి 30న సియాటిల్ 3-0 ఆధిక్యంలో ఉండగా, మాంట్రియల్ మూడు గోల్సు తిరిగి కొట్టి, అదనపు సమయంలో జాక్ మెక్‌డొనాల్డ్ గోల్‌తో గెలిచింది. చెరి రెండు ఆటలు. ఆ గెలుపు మధ్యలోనే మాంట్రియల్ ఆటగాడు జో హాల్ ఒంట్లో బాగులేక మైదానం వదలిపోయాడు.

అది ప్రపంచమంతా ఇన్‌ఫ్లుయెంజా చెలరేగిన కాలం. మన దేశంలోనే కోటికి పైగా ప్రాణాలను బలిగొన్న జబ్బు అది. సియాటిల్ నగరం 1918 అక్టోబరులో సభలనూ వినోదశాలలనూ మూయించి, నవంబరులో తెరిచింది. పీడ వదిలిందని జనం నమ్మారు. వదలలేదు. ఏప్రిల్ 1న నిర్ణాయకమైన ఆట మొదలు కావడానికి కొన్ని గంటల ముందు దానిని రద్దు చేశారు. హాల్, లాలోండ్, మెక్‌డొనాల్డ్ మొదలైన ఆటగాళ్ళతో పాటు మేనేజరు జార్జ్ కెనెడీ కూడా జ్వరంతో పడ్డారు.

ఇక్కడే నాకు నచ్చిన ఘట్టం. జట్టును దింపలేని కెనెడీ కప్పును సియాటిల్‌కు వదులుకుంటామన్నాడు. సియాటిల్ మేనేజరు పీట్ మల్డూన్ పుచ్చుకోనన్నాడు. ఎదుటివాడు మంచాన పడి ఉండగా చేతికందినది గెలుపు కాదని అతని భావం. నియమాల ప్రకారం పుచ్చుకుని ఉంటే తప్పుపట్టేవారెవరు? మొరటు ఆటకు పేరుమోసి 'బ్యాడ్ జో' అనిపించుకున్న హాల్, ఏప్రిల్ 5న న్యుమోనియాతో సియాటిల్‌లోనే కన్నుమూశాడు. కెనెడీ మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు, 1921లో మరణించాడు. మెట్రోపాలిటన్స్ జట్టుకు కప్పు మళ్ళీ దక్కలేదు. 1924లో ఆ జట్టే లేకుండా పోయింది. అంటే మల్డూన్ వదులుకున్నది తిరిగిరాని అవకాశం.

1948లో కప్పును కొత్తగా తీర్చిదిద్దినప్పుడు 1919 కింద రెండు జట్ల పేర్లూ చెక్కి, పోటీ పూర్తి కాలేదని రాశారు. తరువాత కప్పు ఎవరికీ దక్కని ఏడాది 2005 ఒక్కటే. యజమానులకూ ఆటగాళ్ళకూ జీతాల దగ్గర పేచీ వచ్చి, ఆ సీజను మొత్తం జరగలేదు. దానినీ కప్పుమీద చెక్కారు.

ఒకే వెండిమీద రెండు ఖాళీలు. ఒకటి మృత్యువు మిగిల్చినది, మరొకటి డబ్బు. మొదటిదాని పక్కన రెండు జట్ల పేర్లున్నాయి. రెండవదాని పక్కన ఏ పేరూ లేదు. ఆ తేడా చెక్కినవారు ఉద్దేశించినది కాకపోవచ్చు. నాకు మాత్రం అందులో న్యాయమే కనిపిస్తుంది. మీకేమనిపిస్తుందో చెప్పండి.