అవ్వాతాతల సంరక్షణ, సందర్శన హక్కులు (భారతదేశం)

తల్లిదండ్రుల మరణం, విడాకులు, పునర్వివాహం, కుటుంబ కలహాల వంటి కారణాలతో దూరమైన మనవలను తమ దగ్గర పెంచుకోవడానికి గానీ, వీలున్నప్పుడల్లా చూసి రావడానికి గానీ తాతయ్య, అమ్మమ్మ, నానమ్మలు కోర్టును ఆశ్రయించవచ్చు. పెంచుకునే బాధ్యత అప్పగించడాన్ని సంరక్షణ (కస్టడీ) అని, కలుసుకునే వీలు కల్పించడాన్ని సందర్శన హక్కు అని వ్యవహరిస్తారు. అవ్వాతాతల సందర్శన హక్కును విడిగా పేర్కొనే కేంద్ర చట్టం భారతదేశంలో లేదు. బిడ్డ సంక్షేమం అనే ఒక్క సూత్రం మీదే ఈ వ్యాజ్యాలన్నీ నడుస్తాయి.

చట్టపరమైన ఆధారం

గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1890లోని 8వ సెక్షన్ ప్రకారం బంధువులెవరైనా సంరక్షకులుగా నియమించమని కోరవచ్చు. అయితే తండ్రి గానీ తల్లి గానీ బతికి ఉండి, వారు అనర్హులని కోర్టు భావించనంత వరకు 19వ సెక్షన్ మరొకరి నియామకాన్ని అనుమతించదు. అవ్వాతాతలకు ఎదురయ్యే పెద్ద అడ్డంకి ఇదే. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం, 1956లోని 6వ సెక్షన్ తల్లిదండ్రులనే సహజ సంరక్షకులుగా గుర్తించగా, 13వ సెక్షన్ బిడ్డ సంక్షేమాన్ని అన్నిటికంటే మిన్నగా నిలిపింది. హనఫీ ముస్లిం న్యాయంలో పసిబిడ్డల పెంపకం హక్కు తల్లి తర్వాత అమ్మమ్మకు, ఆ తర్వాత నానమ్మకు సంక్రమిస్తుంది.

కోర్టు ప్రక్రియ

బిడ్డ సాధారణంగా నివసించే ప్రాంతంలోని ఫ్యామిలీ కోర్టులో, అది లేనిచోట జిల్లా కోర్టులో పిటిషన్ వేయాలి. బిడ్డను అక్రమంగా నిర్బంధించారని భావిస్తే హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ కూడా వేయవచ్చు. బిడ్డ వయసు, మతం, బంధుత్వం, సంరక్షకుల నడత, స్తోమత, మరణించిన తల్లిదండ్రుల కోరిక వంటివి 1890 చట్టంలోని 17వ సెక్షన్ కింద కోర్టు పరిశీలిస్తుంది. ఆలోచించి చెప్పగల వయసు వచ్చిన బిడ్డ ఇష్టాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చు. తుది తీర్పు వచ్చేలోగా అదే చట్టంలోని 12వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వులు కోరవచ్చు.

ముఖ్యమైన తీర్పులు

కోల్‌కతాకు చెందిన ఒక కేసులో తల్లి మరణించింది. ఆమె మరణానికి సంబంధించి తండ్రి క్రిమినల్ కేసు ఎదుర్కొంటున్నాడు. కింది కోర్టు, హైకోర్టు బిడ్డను తండ్రికే అప్పగించమన్నాయి. 2008లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు బిడ్డను తమ ఛాంబర్‌లోకి పిలిచి స్వయంగా మాట్లాడారు. అమ్మమ్మ, తాతయ్యల దగ్గరే ఉంటానని ఆ బాలుడు చెప్పాడు. కోర్టు ఆ రెండు తీర్పులనూ కొట్టివేసింది.

గుజరాత్‌లో కోవిడ్‌తో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న బాలుడి విషయంలో హైకోర్టు పిన్ని వైపు మొగ్గింది. ఆమె వయసు 46, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. తాతయ్యకు 71 ఏళ్లు, నానమ్మకు 63 ఏళ్లు. ఆదాయం, వయసు, పెద్ద కుటుంబం మాత్రమే కొలమానాలు కావని చెబుతూ 2022 జూన్‌లో సుప్రీంకోర్టు బిడ్డను తాతయ్య, నానమ్మలకు అప్పగించింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన మరో కేసులో భర్త చనిపోయిన మహిళ మళ్లీ పెళ్లి చేసుకుంది. బిడ్డ సంరక్షణ కోసం 2008లో తండ్రి తల్లిదండ్రులు వేసిన పిటిషన్‌ను కింది కోర్టు తోసిపుచ్చినా, పరిమితంగా చూసే వీలు కల్పించింది. వివాదం బిడ్డ ఇంటిపేరు మీదికి మళ్లి, 2022 జులైలో సుప్రీంకోర్టులో ముగిసింది. ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఏకైక సహజ సంరక్షకురాలైన తల్లిదేనని కోర్టు తేల్చింది.

ఇతర దేశాల్లో

ఫ్రాన్స్ పౌర స్మృతిలోని 371-4 అధికరణ, తాతముత్తాతలతో సంబంధాలు కలిగి ఉండటాన్ని బిడ్డ హక్కుగానే గుర్తించింది. అమెరికాలో 2000 నాటి ట్రాక్సెల్ వర్సెస్ గ్రాన్‌విల్ కేసులో సుప్రీంకోర్టు తల్లి నిర్ణయాధికారానికే పెద్దపీట వేసింది.

అంచనా

పెద్దల పంతాలకు కోర్టులో బలం లేదు. బిడ్డను ఎవరు పెంచారు, బడికి ఎవరు పంపారు, ఎవరి దగ్గర నిశ్చింతగా ఉంటుంది అన్నవే నిలుస్తాయి. ఆంధ్రప్రదేశ్ కేసు మొదలైనప్పుడు రెండేళ్ల బిడ్డ, చివరి తీర్పు నాటికి పదహారేళ్లవాడు. 18 ఏళ్లు నిండితే సంరక్షణ ప్రశ్నే ఉండదు. అందుకే సందర్శన విషయంలోనైనా స్పష్టమైన చట్టం, త్వరితగతిన విచారణ అవసరం. అవ్వాతాతల ప్రేమను బిడ్డ హక్కుగా గుర్తించినప్పుడే ఆ చట్టానికి సార్థకత.