ఆ చిన్న క్రోమోజోము

1891లో హెర్మన్ హెన్‌కింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక ఎర్రటి పురుగులో శుక్రకణాలు ఎలా తయారవుతున్నాయో చూస్తున్నాడు. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములన్నీ జంట విడి చెరో వైపు వెళుతున్నాయి. ఒక్కటి మాత్రం జంట లేకుండా ఒంటరిగా ఒకే వైపు పోతోంది. అంటే సగం శుక్రకణాలకు అది దక్కుతోంది, సగానికి దక్కడం లేదు. అదేమిటో తేలక, దానికి ఎక్స్ అని గుర్తు పెట్టాడు. ఆ గుర్తే పేరై నిలిచిపోయింది.

పదేళ్లకు అమెరికాలో క్లారెన్స్ మెక్‌క్లంగ్ మిడతల్లో ఇలాంటిదాన్నే చూసి, లింగాన్ని నిర్ణయించేది ఇదేనన్నాడు. గొప్ప ఊహ. కానీ ఆడ మిడతల్లో క్రోమోజోముల లెక్క తప్పింది. దాంతో ఎక్స్ అందినవి మగవి అవుతాయని తలకిందులుగా చెప్పాడు. తల్లి తిన్న తిండి, చుట్టూ ఉన్న వేడిమి వంటివే ఆడా మగా అన్నది తేలుస్తాయని చాలామంది నమ్ముతున్న రోజులవి.

లెక్క సరిచేసింది నెట్టీ స్టీవెన్స్. 1861లో వెర్మాంట్ రాష్ట్రంలో ఒక వడ్రంగి ఇంట పుట్టింది. టీచరుగా, లైబ్రేరియన్‌గా పనిచేసి, 35 ఏళ్ల వయసులో స్టాన్‌ఫర్డ్‌లో డిగ్రీలో చేరింది. 1903లో పెన్సిల్వేనియాలోని బ్రిన్ మార్ కాలేజీలో పీహెచ్‌డీ పూర్తిచేసింది. అక్కడ ఆమె గురువుల్లో థామస్ హంట్ మోర్గన్ ఒకడు.

చెదపురుగులు, బొద్దింకలు, పేనుబంక, ఇలా చాలా కీటకాలను చూసింది. సమాధానం మాత్రం నిల్వ ఉన్న పిండిలో, ధాన్యంలో పెరిగే టెనెబ్రియో అనే పెంకుపురుగులో దొరికింది. ఆడ పురుగు శరీర కణాల్లో 20 పెద్ద క్రోమోజోములు. మగ పురుగులో 19 పెద్దవి, ఒకటి మరీ చిన్నది. ఆ చిన్నదానికి జంటగా ఉన్న పెద్దదే ఎక్స్. మగ పురుగు వృషణాలు చూసి ఆమె ఊరుకోలేదు. ఆడ, మగ రెండింటి శరీర కణాల్లోనూ లెక్కపెట్టింది. నా దృష్టిలో ఆమె ప్రతిభంతా అక్కడే ఉంది. ఇక మిగిలింది కూడికే. అండాలన్నిటిలో 10 పెద్దవి ఉంటాయి. శుక్రకణాల్లో సగం 10 పెద్దవి మోస్తాయి, మిగతా సగం 9 పెద్దవి, ఒక చిన్నది. మొదటి రకం అండాన్ని చేరితే ఆడ, రెండో రకం చేరితే మగ.

1905లో ఈ ఫలితం అచ్చయింది. వంశపారంపర్యం గురించి మెండెల్ చెప్పిన సూత్రాలు మళ్లీ వెలుగులోకి వచ్చి అప్పటికి ఐదేళ్లే. వంశపారంపర్య కారకాలు క్రోమోజోముల మీద ఉంటాయన్నది ఇంకా వాదన దశలోనే ఉంది. ఫలానా క్రోమోజోముకూ ఫలానా లక్షణానికీ కంటికి కనిపించే లంకె ఇప్పుడు దొరికింది.

మనుషుల్లోనూ అండాలన్నీ ఎక్స్‌నే మోస్తాయి, తేడా శుక్రకణంలోనే. ఆడపిల్లను కన్నదని కోడలిని ఆడిపోసుకునే ఇళ్లు మన దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. బడిలో ఈ పాఠం చదివిన విద్యార్థి, తేడా శుక్రకణంలోనే ఉందని ఇంటికెళ్లి చెప్పాలి. తండ్రినీ నిందించడానికి లేదు. ఏ శుక్రకణం అండాన్ని చేరుతుందన్నది అతని చేతిలో ఉన్నది కాదు.

1905లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎడ్మండ్ విల్సన్ వేరే కీటకాల్లో ఇలాంటి తేడానే కనిపెట్టాడు. ఆయన పరిసరాల ప్రభావానికి కొంత చోటు వదిలాడు. స్టీవెన్స్ క్రోమోజోముల పక్షాన మరింత గట్టిగా నిలబడింది. మోర్గన్ అయితే వెంటనే నమ్మలేదు. 1910లో తన సీసాల్లో పెరుగుతున్న పండ్ల ఈగల్లో తెల్లకళ్ల మగ ఈగ కనబడి, ఆ లక్షణం ఎక్స్ వెంట నడుస్తోందని తేలాకే దారికొచ్చాడు. 1933లో నోబెల్ బహుమతి ఆయనకు వచ్చింది. స్టీవెన్స్ 1912లోనే రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. బ్రిన్ మార్ ఆమె కోసమే సృష్టించిన పరిశోధక ప్రొఫెసర్ పదవిలో చేరనే లేదు.

ఆ చిన్న క్రోమోజోముకు వై అన్న పేరు స్థిరపడింది. అయితే ప్రకృతి అంతటా ఒకే పద్ధతి లేదు. కోళ్లలో, పట్టుపురుగుల్లో తేడా తల్లి వైపే ఉంటుంది. పండ్ల ఈగల్లో ఒకే ఎక్స్ ఉండి వై లేకున్నా మగ ఈగే పుడుతుంది, కాకపోతే దానికి సంతానం కలగదు. మనుషుల్లో వై పాత్ర ఏమిటన్నది 1959లో గానీ తేలలేదు. రెండు ఎక్స్‌లతో పాటు వై ఉన్నవారు పురుషులుగా, ఒకే ఎక్స్ ఉండి వై లేనివారు స్త్రీలుగా ఎదిగారని అప్పుడు గమనించారు. 1990లో లండన్ పరిశోధకులు వై మీద మగ ఎదుగుదలను మొదలుపెట్టే జన్యువును గుర్తించి, ఎస్‌ఆర్‌వై అని పేరు పెట్టారు.