పట్టాభిషేకం తరువాత: ఒక చిత్రత్రయపు చివరి భాగమూ, దాని ప్రేక్షకులూ

2003 డిసెంబరు 1వ తేదీన న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్ వీధులలో లక్షమందికి పైగా జనం బారులుతీరి నిలిచారు. నలభై లక్షల జనాభా గల దేశానికి అది సామాన్యమైన సమూహం కాదు. వారు వేచివున్నది ఏ దేశాధినేత కోసమో కాదు. పీటర్ జాక్సన్ దర్శకత్వం వహించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చిత్రత్రయంలో చివరిదైన ‘ది రిటర్న్ ఆఫ్ ది కింగ్’ ప్రథమ ప్రదర్శనకు విచ్చేస్తున్న నటీనటుల కోసం. మూడు చిత్రాల ప్రధాన చిత్రీకరణనూ ఆ దేశపు కొండకోనలలోనే, 1999 అక్టోబరు నుండి 2000 డిసెంబరు వరకు ఏకబిగిన సాగించారు. ఈ చిత్రాలవల్ల దేశానికి ఒనగూడే ప్రయోజనాలను సమన్వయపరచే బాధ్యతను 2001లో అక్కడి ప్రభుత్వం పీట్ హాడ్జ్‌సన్ అనే మంత్రికి అప్పగించింది. కల్పితగాథ ఒకటి మంత్రిగారి దస్త్రాలలోకి ఎక్కిన ఉదంతాలు పాలనా చరిత్రలో బహుశా అరుదు.

పండుగ వాతావరణంలో విడుదలైన ఆ చిత్రం ప్రేక్షకులలో ఒక తగవును కూడా రేపింది. అది కథ ఎక్కడ ముగియాలన్న తగవు. చూడడానికి చిన్నదిగా తోచే ఈ వివాదం, యుద్ధానంతర జీవితాన్ని గురించి ఒక కాలపు ప్రజలు ఏమనుకున్నారో తెలియజేసే ఆకరంగా నాకు కనిపిస్తున్నది.

మూలరచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ దీనిని ఒకే గ్రంథంగా భావించాడు. యుద్ధానంతరం బ్రిటన్‌లో కాగితం కొరతవల్ల, ముద్రణ వ్యయంవల్ల ప్రచురణకర్తలు 1954, 1955 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వెలువరించారు. మూడవ సంపుటానికి పెట్టిన పేరు ఆయనకు రుచించలేదు. రాజు తిరిగివస్తాడని శీర్షికలోనే చెప్పివేస్తే కథలో మిగిలేదేమిటని ఆయన అభ్యంతరం. ఆ పేరే చలనచిత్రానికీ సంక్రమించి, రాజు రాకతో, అంటే పట్టాభిషేకంతో, కథ సమాప్తమని ప్రేక్షకుడు ముందే నమ్మడానికి కొంత దోహదం చేసిందని చెప్పవచ్చు.

డిసెంబరు 17న అమెరికా, బ్రిటన్ మొదలైన దేశాలలో విడుదలైన ఈ చిత్రం నిడివి 201 నిమిషాలు. ఏ పురుషుని చేతా తనకు చావులేదన్న ధీమాతో విర్రవీగే శత్రుసేనానిని ఎయోవిన్ అనే రాచకన్య శిరస్త్రాణం తీసి, తన కేశపాశం విప్పి, నేలకూల్చిన ఘట్టంలో ప్రేక్షకులు కేరింతలు కొట్టారు. మహిషాసురుని కథ వింటూ పెరిగిన మనకు ఆ కేరింతల అర్థం విప్పి చెప్పనక్కరలేదు. పట్టాభిషిక్తుడైన అరగార్న్, తనకు వంగి నమస్కరించబోయిన నలుగురు హాబిట్లను వారించి తానే వారికి శిరసు వంచినప్పుడు, ఆయన వెంట సభ యావత్తూ మోకరిల్లినప్పుడు, కంట తడిపెట్టినవారెందరో.

చాలామంది దృష్టిలో చిత్రం అక్కడ ముగిసింది. తెరమీద మాత్రం ముగియలేదు. ఉంగరం అగ్నిలో నశించిన తరువాత తెర చీకటి కావడమూ, మళ్ళీ వెలుగు రావడమూ పలుమార్లు జరిగింది. ఫ్రోడో పడకమీద మేల్కొనడం, మిత్రుల పునస్సమాగమం, పట్టాభిషేకం, నలుగురు హాబిట్లూ స్వగ్రామం చేరి పానశాలలో మౌనంగా కూర్చోవడం, శామ్ వివాహం, చివరకు రేవులో నౌక కదలడం, శామ్ ఇంటిముంగిట అడుగుపెట్టడం. ప్రతి చీకటికీ కుర్చీలలోంచి లేవబోయి మరల కూలబడిన ప్రేక్షకులను గురించిన పరిహాసాలు దేశదేశాలా వ్యాపించాయి. ముగింపులు మరీ ఎక్కువయ్యాయన్న మాట విమర్శకుల నోట కూడా నానింది.

గ్రంథాన్ని చదివి వచ్చినవారి ఫిర్యాదు దీనికి పూర్తిగా విరుద్ధం. వారికి ముగింపులు చాలలేదు. మూలంలో హాబిట్లు ఇల్లు చేరేసరికి వారి షైర్ సీమ దుండగుల పాలై ఉంటుంది. చెట్లు కూలి, కొత్త మరలు పొగలు చిమ్ముతుంటాయి. దూరదేశంలో గెలిచినవారు సొంత గడ్డమీద మరొకమారు పోరాడవలసి వస్తుంది. ఈ అధ్యాయాన్ని చిత్రం పూర్తిగా విడిచిపెట్టింది. షైర్ వెళ్ళినప్పటి పచ్చదనంతోనే వారికి స్వాగతం పలుకుతుంది. సరుమాన్ అంత్యఘట్టాన్ని చిత్రించి కూడా తొలగించడం మరొక అసంతృప్తి. ఆ పాత్రధారి క్రిస్టఫర్ లీ తన నొచ్చుకోలును దాచుకోలేదు. అభిమానులు వినతిపత్రాలపై సంతకాలు సేకరించారు.

టోల్కీన్ 1916లో సోమ్ యుద్ధరంగంలో పనిచేసినవాడు. 1918 నాటికి తన సన్నిహిత మిత్రులలో ఒక్కరు తప్ప అందరూ గతించారని రెండవ కూర్పు పీఠికలో రాసుకున్నాడు. తన కథను సమకాలిక ఘటనలకు రూపకంగా చదవవద్దని అక్కడే గట్టిగా కోరాడు. ఆయన కోరికను మన్నించినప్పటికీ, ఫ్రోడో గాయం ఏటేటా తిరగబెట్టడం, తాను రక్షించిన ఊరిలో తానే ఇమడలేకపోవడం ఎరిగిన చేయి రాసినవేనని చదువరికి తోచకమానదు. చిత్రం షైర్ విధ్వంసాన్ని వదిలినా ఈ గాయాన్ని వదలలేదు. ఆ ‘అదనపు’ ముగింపులన్నీ దీనికోసమే. కాబట్టి లేచిపోయినవారి పక్షాన నేను నిలవలేను.

ప్రేక్షకుల స్పందన చరిత్రకారునికి చిక్కని వస్తువు. వసూళ్ళు నూరుకోట్ల డాలర్లు దాటాయనీ, 2004 ఫిబ్రవరి 29న పదకొండు ఆస్కార్ ప్రతిపాదనలకు పదకొండు బహుమతులు వచ్చాయనీ లెక్కలు చెబుతాయి. చూసినవాని మనసును చెప్పవు. ఈ చిత్రం విషయంలో ఆ లోటును కొంత పూరించినది వేల్స్‌లోని ఎబరిస్ట్‌విత్ విశ్వవిద్యాలయం కేంద్రంగా మార్టిన్ బార్కర్ ప్రభృతులు నిర్వహించిన అంతర్జాతీయ పరిశోధన. సుమారు ఇరవై దేశాలనుండి, పద్నాలుగు భాషలలో, దాదాపు 25,000 మంది సమాధానాలను వారు సేకరించారు. ఇది ఎటువంటి కథ అన్న ప్రశ్నకు ఇతిహాసం, అద్భుతగాథ, యుద్ధకథ, ఆపదలో పడిన స్వస్థలం, ఆధ్యాత్మిక యాత్ర వంటి మాటలలోంచి ఎంచుకోమన్నారు. ఆధ్యాత్మిక యాత్ర అన్నవారిలో ఈ చిత్రాన్ని తమ జీవితంలో ముఖ్యానుభవంగా భావించినవారు విశేషంగా కనిపించారు. వారిలో పలువురికి ఆ మాట మతపరమైనది కాదు. ఒక మనిషి మోయలేని బరువును మోసి మారిపోయిన వృత్తాంతానికి వారు పెట్టుకున్న పేరు. పోరాటాన్ని మాత్రమే చూడవచ్చినవారు చప్పట్లతో తృప్తిపడి ఉండవచ్చు. యాత్రను చూడవచ్చినవారికి తిరుగుప్రయాణమూ కావలసివచ్చింది.

నాటి లోకస్థితిని కూడా స్మరించాలి. 2003 మార్చిలో అమెరికా, బ్రిటన్ సేనలు ఇరాక్‌లో ప్రవేశించాయి. మే 1న అమెరికా అధ్యక్షుడు బుష్, కార్యం నెరవేరిందని చాటే పతాకం వెనుక వేలాడుతుండగా, విమానవాహక నౌకపై నిలిచి ప్రధాన పోరాటం ముగిసిందని ప్రకటించాడు. సద్దాం హుసేన్ పట్టుబడిన వార్త డిసెంబరు 14న వెలువడింది. మూడు రోజులకు చిత్రం తెరకెక్కింది. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం అంటగట్టడం చరిత్రకారుని పని కాదు. అయితే పోలికలు నాడే వచ్చాయి. కథలోని వీరులను తమ సేనలతో పోల్చుకునే ధోరణికి నిరసనగా, అరగార్న్ పాత్రధారి విగ్గో మార్టెన్‌సెన్ 2002 డిసెంబరులోనే చమురు కోసం రక్తపాతం వద్దన్న నినాదం గల చొక్కా ధరించి టెలివిజన్ ముఖాముఖిలో పాల్గొన్నాడు. తూర్పు, దక్షిణ దిక్కులనుండి ఏనుగులవంటి మహామృగాలపై వచ్చే శత్రువులను చూసి నొచ్చుకున్నవారూ ఉన్నారు. మహామృగాన్ని ఒక విలుకాడు ఒంటరిగా పడగొట్టినప్పుడు మోగిన చప్పట్లు అందరికీ ఒకేలా వినిపించి ఉండవు.

పట్టాభిషేకం తరువాత ఏమిటన్నది మనకూ పాత చిక్కే. పదమూడవ శతాబ్దంలో తిక్కన నిర్వచనోత్తర రామాయణాన్ని పది ఆశ్వాసాలలో రచించి, శ్రీరామ నిర్యాణాన్ని మాత్రం చెప్పక విడిచాడు. ఆ కొరతను తరువాత జయంతి రామభట్టు పూరించవలసి వచ్చింది. అంటే ముగింపు చాలలేదన్న శ్రోత ఆనాడూ ఉన్నాడు. పట్టాభిషేకానంతర కథతోనే 1934లోనూ, మరల 1963లోనూ ‘లవకుశ’ చిత్రాలు తెలుగునాట విశేష జనాదరణ పొందాయి. సీత భూమిలోకి వెళ్ళేదాకా మన ప్రేక్షకుడు కుర్చీ వదలలేదు. కథ ముందే తెలుసు కనుక, ఏమి జరుగుతుందన్న తొందర అతనికి లేదు; ఎలా జరిగిందో చూడడానికే వచ్చాడు. టోల్కీన్ పాఠకులు సినిమాహాలులో కడదాకా కూర్చోవడానికీ ఇదే కారణమై ఉండాలి.

2004 డిసెంబరులో ఇళ్ళలో చూసుకునేందుకు వెలువడిన విస్తృత ప్రతి నాలుగు గంటలు మించింది. సరుమాన్ మరణం అందులో తిరిగి చేరింది. షైర్ విధ్వంసం చేరలేదు. దానిని పూర్తి ఘట్టంగా చిత్రించనేలేదు. తొలి చిత్రంలో గలాడ్రియెల్ చూపిన నీటి అద్దంలో ఫ్రోడో కంటబడిన కొద్ది క్షణాల దృశ్యంగానే అది మిగిలిపోయింది.