కుక్క కంటికి ఏది పెద్దది?

గరిటెడు ఉప్మా చిన్న ప్లేటులో వడ్డిస్తే దండిగా కనిపిస్తుంది. అదే గరిటెడు పెద్ద కంచంలో పడితే ‘ఇంతేనా?’ అనిపిస్తుంది. బెల్జియం తత్వవేత్త, మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జోసెఫ్ డెల్‌బఫ్ 1865లో ఈ సంగతిని వృత్తాలతో గీసి చూపించాడు. సమానమైన రెండు వృత్తాల్లో ఒకదాని చుట్టూ ఇరుగ్గా వలయం గీస్తే అది పెద్దదిగా తోస్తుంది. రెండోదాని చుట్టూ వదులుగా గీస్తే అది చిన్నబోతుంది. అమెరికాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆడ్రీ పారిష్, మైఖేల్ బెరాన్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో చింపాంజీలు కూడా ఈ ప్లేటు మాయలో పడ్డాయి. తిండి సమానంగా ఉన్నా చిన్న ప్లేటు వైపే మొగ్గాయి. మరి మనిషి వెంటే తిరిగి, మనిషి పెట్టింది తిని బతికే కుక్క సంగతేమిటి?

ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయంలో మిలెట్టో పెట్రజ్జినీ, బిసాజా, అగ్రిల్లో ఇదే పరీక్షను కుక్కల ముందు పెట్టారు. ఫలితాలు 2017లో వెలువడ్డాయి. రెండు ఒకేరకం ప్లేట్లలో ఒకదానిలో ఎక్కువ తిండి, ఒకదానిలో తక్కువ పెడితే కుక్కలు ఎక్కువున్న ప్లేటుకే వెళ్లాయి. తిండి సమానంగా ఉంచి ప్లేట్ల సైజు మార్చినప్పుడు మాత్రం వాటి ఎంపిక బొమ్మాబొరుసూ వేసినట్టే ఉంది, ఏ ప్లేటు మీదా ప్రత్యేకమైన మొగ్గు లేదు. వాసనతో పసిగట్టి ఉంటాయేమో అన్న అనుమానం ఇక్కడ ఎవరికైనా వస్తుంది. న్యూయార్క్‌లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2013లో వెలువరించిన అధ్యయనం దానికి కొంత జవాబిస్తుంది: తిండిని మూతపెట్టి వాసన మాత్రమే అందనిచ్చినప్పుడు, ఎక్కువున్న ప్లేటును కుక్కలు నికరంగా ఎంచుకోలేకపోయాయి.

‘కుక్క మోసపోలేదు, మనిషి మోసపోయాడు’ అని చెప్పుకోవడానికి ఈ ఫలితం బాగుంటుంది. కానీ చెరిసగం ఫలితం ఎప్పుడూ రెండు రకాలుగా వస్తుంది. కుక్కకు రెండు కుప్పలూ సమానంగానే కనిపించి ఉండవచ్చు. లేదా అంత చిన్న తేడా కోసం ఆలోచించడం దండగనిపించి, దగ్గరున్నది తినేసి ఉండవచ్చు. తిండి ఎరగా పెట్టి అడిగే ప్రశ్నలో ఈ రెంటినీ విడదీయడం కష్టం.

శిక్షణ ఇచ్చి అడిగితే ఏమవుతుందో ఆస్ట్రేలియాలోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయం, బెండిగో కేంద్రంలో సారా ఎలిజబెత్ బయోసియేర్ బృందం చూసింది. వారు తీసుకున్నవి ఎనిమిది కుక్కలు, లగోట్టో రొమాన్యోలో జాతివి. భూమిలో పెరిగే ట్రఫుల్ పుట్టగొడుగులను వాసనతో పట్టే ఉంగరాల బొచ్చు ఇటలీ కుక్కలివి. టచ్‌స్క్రీన్ మీద రెండు వృత్తాలు కనిపిస్తాయి, పెద్దదాన్ని ముక్కుతో తాకాలి. ఆ పాఠం వచ్చాక వృత్తాలను భ్రమ కలిగించే బొమ్మల్లో పెట్టి చూపించారు.

డెల్‌బఫ్ బొమ్మ దగ్గర ఇక్కడ కూడా ఏమీ తేలలేదు. విచిత్రమంతా ఎబ్బింగ్‌హాస్-టిచెనర్ బొమ్మ దగ్గర జరిగింది. చుట్టూ చిన్న వృత్తాలుంటే నడుమనున్నది మనకు పెద్దదిగా, చుట్టూ పెద్దవి ఉంటే చిన్నదిగా కనిపించే బొమ్మ అది. కుక్కలు దీన్ని తలకిందులుగా చూశాయి. పెద్ద వృత్తాల నడుమ ఉన్నదే వాటికి పెద్దది. మనిషి మెదడు నడుమ వృత్తాన్ని ఇరుగుపొరుగుతో పోల్చి తేడాను పెంచుతుంది. కుక్క మెదడు దాన్ని ఇరుగుపొరుగులో కలిపేసుకుంటుందని పరిశోధకుల ఊహ. జపాన్‌లో నకమురా, వతనబే, ఫుజిత 2008లో పావురాల్లో చూసింది కూడా ఇలాంటి తిరగబడ్డ ఫలితమే. బబూన్ కోతులు 2007 నాటి ఒక పరీక్షలో ఈ బొమ్మకు చలించనే లేదు. మనుషులంతా ఒకే తీరు అనుకోవడమూ పొరపాటే: ఉత్తర నమీబియాలోని హింబా ప్రజల మీద ఈ భ్రమ పాశ్చాత్యుల మీద పనిచేసినంతగా పనిచేయదని 2007లోనే తేలింది.

మన దర్శనాలు భ్రమ అనగానే తాడును పాముగా చూడటాన్ని ఉదాహరణగా తెస్తాయి. దీపం తెస్తే ఆ పాము పోతుంది. జర్మన్ పండితుడు ముల్లర్-లయర్ 1889లో చూపిన గీతలు అలాంటివి కావు. రెండు సమానమైన గీతలు, ఒకదాని కొసల్లో రెక్కలు బయటికి విచ్చుకుంటాయి, రెండోదానికి బాణం మొనల్లా లోపలికి ముడుచుకుంటాయి. స్కేలు పెట్టి కొలిచి సమానమని రూఢి చేసుకున్నాక కూడా మొదటిది పొడుగ్గానే కనిపిస్తుంది. తెలివి దిద్దలేని తప్పు కాబట్టే ఇది జంతు పరిశోధకులకు పనికొస్తుంది. జంతువుకు ఏం తెలుసన్న గొడవ లేకుండా, దాని కన్నూ మెదడూ కలిసి ముందే ఏం తేల్చిపెడుతున్నాయో దీనితో అడగవచ్చు.

ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయంలో కీప్, జల్చ్, విల్కిన్సన్ 2018లో ప్రచురించిన అధ్యయనం ఈ గీతలదే. ఈ రంగంలో అడుగుపెట్టేవారు ముందుగా చదవాల్సింది ఇదేననిపిస్తుంది. మొదట కుక్కలకు గీతల పొడవు పోల్చడం నేర్పారు. అవి నేర్చుకున్నాయి, ఎప్పుడూ చూడని గీతల జతల్లో కూడా పోల్చగలిగాయి. తర్వాత ముల్లర్-లయర్ బొమ్మ చూపిస్తే రెక్కలు విచ్చుకున్నదాన్నే ‘పొడుగు’ అన్నాయి, అచ్చం మనిషిలాగే. అక్కడితో ఆగి ఉంటే ‘కుక్కలూ భ్రమిస్తాయి’ అన్న శీర్షికతో పత్రికలకెక్కేది. కానీ వారు మరో మెలిక పెట్టారు. రెక్కలు బయటికి విచ్చుకుంటే గీతతోపాటు మొత్తం బొమ్మే పెద్దదవుతుంది. ఆ మొత్తం సైజు ప్రభావాన్ని విడదీసే అదనపు పరీక్షలు పెట్టేసరికి గుట్టు బయటపడింది: కుక్కలు నడుమ గీత జోలికి పోకుండా, బొమ్మ మొత్తం ఏది పెద్దదో చూసి జవాబు చెప్పాయి. ఇతర జంతువుల్లో ఈ భ్రమను బలపరిచిన మార్పులతో బొమ్మలు తిరగగీసినా తీరు మారలేదు.

అదే అనుమానాన్ని వెనక్కి తిప్పి బెండిగో ఫలితం మీద కూడా వేయవచ్చు. పెద్ద వృత్తాలతో నిండిన బొమ్మ మొత్తంగా కూడా పెద్దదే కదా. అయితే ఆ లగోట్టోలు చూసింది మొత్తం సైజే అయితే, డెల్‌బఫ్ బొమ్మలో వెడల్పాటి వలయమున్న వైపుకీ మొగ్గాలి. అలా మొగ్గలేదు. కాబట్టి ఆ అనుమానం బెండిగో ఫలితాన్ని పూర్తిగా కొట్టేయలేదు. అలాగని దానికి పూర్తి హామీ కూడా దొరకదు.

కొన్ని భ్రమలకు కుక్కలు మనలాగే లొంగుతాయి. పాదువాలోనే లూక్, మోంజిల్లో బృందం 2021లో మరో సంగతి చూపింది: విడివిడి బొమ్మల మధ్య గీతలు గీసి జతచేస్తే, కుక్కలు వాటి సంఖ్యను తక్కువగా అంచనా వేస్తాయి. మనుషులూ అంతే. గేటానో కనిజ్జా 1955లో చూపిన, అంచులే లేని త్రిభుజాన్ని కూడా కుక్కలు చూడగలవని అదే బృందం మరుసటి ఏడాది ప్రచురించింది. (పిల్లుల విషయంలో ఇలాంటి కనిజ్జా చతురస్రాన్ని యజమానుల చేత ఇంటి నేల మీదే పరిపించారు. ప్రయోగాన్ని చివరిదాకా నడిపిన 30 పిల్లుల్లో 9 మాత్రమే ఏదో ఒక బొమ్మలో కూర్చున్నాయి. పిల్లులు పెంచేవారికి ఆశ్చర్యమేమీ ఉండదు.)

ఇన్ని పొంతన లేని జవాబులకు కొంత కారణం కంటిలోనే ఉంది. కుక్క చూపు సుమారు 20/75 అంటారు: మామూలు చూపున్న మనిషి 75 అడుగుల నుంచి పోల్చుకునే వివరాన్ని కుక్క 20 అడుగుల దాకా వస్తేగానీ పోల్చుకోలేదు. సన్నని బాణం మొనలు దానికి అలుక్కుపోయి కనిపిస్తాయి. రంగులు గ్రహించే కణాలు మనకు మూడు రకాలుంటే దానికి రెండే. 429, 555 నానోమీటర్ల దగ్గర వాటి స్పందన పతాక స్థాయికి చేరుతుందని నైట్జ్, గైస్ట్, జేకబ్స్ 1989లో కొలిచారు. ఇదంతా ఒక ఎత్తు. సిడ్నీలో మెక్‌గ్రీవీ బృందం 2004లో కనిపెట్టింది ఇంకో ఎత్తు. మూతి పొడవైన కుక్కల రెటీనాలో నాడీకణాలు అడ్డంగా ఒక పట్టీలా పరుచుకుని ఉంటాయి. పగ్ లాంటి పొట్టిమూతి కుక్కల్లో నడుమ ఒకచోట గుమిగూడతాయి. అంటే గ్రేహౌండ్ దిక్చక్రం పొడుగునా చూసేచోట, పగ్ ఎదుట ఉన్న ముఖాన్ని చూస్తుంది. కాబట్టి ఒక్క జాతికి చెందిన ఎనిమిది కుక్కల జవాబును ‘కుక్కలు’ అన్న మాటకింద రాసేయడం తొందరపాటు.

కుక్క కన్ను చేతకానిదని దీనర్థం కాదు. సెకనుకు 70, 80 సార్లు మిణుకుమనే వెలుగును కూడా అది విడివిడిగా పట్టగలదు. మనకు 60 దగ్గరే అది నిలకడ వెలుగైపోతుంది. పాతకాలపు డబ్బా టీవీ కుక్కకు మిణుకుమిణుకుమంటూ కనిపించింది ఇందుకే. కదలికను పట్టే ఇలాంటి కంటికి కాగితం మీది నిశ్చల వృత్తాలు చూపించి అడగడం, మనకు అలవాటైన ప్రశ్నను దాని నెత్తిన రుద్దడమే.

వియన్నా పరిశోధకులు ప్రశ్నను కదిలించి అడిగారు. తెర మీద ఒక బంతి వచ్చి ఇంకో బంతికి తగలకముందే ఆగిపోతుంది, అయినా రెండోది ఉరుకుతుంది. అది చూసిన కుక్కల కనుపాపలు విప్పారాయని, చూపు ఎక్కువసేపు నిలిచిందని వోల్టర్, హ్యూబర్ 2021లో రాశారు. అంతకు పదేళ్ల ముందు అదే నగరంలో 50 కుక్కల మీద ఇంకో పరీక్ష జరిగింది. ఒక బంతి పలక చాటుకు వెళ్లి, అటువైపు నుంచి సైజు మారి బయటికి వస్తుంది. ఆడకుక్కలు ఈ బంతిని మామూలు బంతికన్నా ఎక్కువసేపు చూశాయి. మగకుక్కల చూపులో తేడా ఏమీ కనబడలేదు.