రెండు ప్రేమల నడుమ స్వరకర్త

ప్రేయసియా, మాతృభూమియా అన్న ప్రశ్న సాహిత్యానికి కొత్తది కాదు. మన ఆలంకారికులలో కొందరు వీరాన్ని శృంగారానికి విరోధిరసంగానే పరిగణించారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఈ సంఘర్షణను ఒక స్వరకర్త జీవితంలో నిలిపి చూపిన బ్రిటిష్ చలనచిత్రం ‘డేంజరస్ మూన్‌లైట్’. బ్రయన్ డెస్మండ్ హర్స్ట్ దర్శకత్వంలో అది 1941లో వెలువడింది.

కథానాయకుడు స్టీఫన్ రాడెట్‌స్కీ పోలండు దేశస్థుడు. పియానో విద్వాంసుడు, స్వరకర్త, వైమానికుడు. 1939 సెప్టెంబరులో, జర్మన్ బాంబులు కురుస్తున్న వార్సాలో, అమెరికన్ పత్రికా విలేకరి కారోల్‌ను అతడు కలుసుకుంటాడు. నగరం పతనమయ్యే వేళ సహచరులు అతని కళను కాపాడదలచి అతనిని దేశం దాటిస్తారు. అమెరికాలో వారిరువురికీ వివాహమవుతుంది. పోలండు సహాయార్థం ఊరూరా కచేరీలు చేస్తున్నా అతనికి మనశ్శాంతి లేదు. కడకు భార్య ఎంత వారించినా వినక ఇంగ్లండు చేరి యుద్ధవిమానం ఎక్కుతాడు; శత్రువిమానాన్ని ఢీకొని స్మృతి కోల్పోతాడు. కారోల్‌కు ఈ కథలో సవతి వార్సా నగరమే.

ఈ పాత్రను కేవల కల్పనగా త్రోసివేయరాదు. పోలండులో సంగీతానికీ స్వాతంత్ర్యానికీ నడుమ బంధం చిరకాలపుది. షోపాన్ 1830 నవంబరు 2న వార్సా విడిచాడు. ఆ నెలాఖరుకే రష్యన్ పాలనపై తిరుగుబాటు చెలరేగింది. అతడు మరల స్వదేశాన్ని చూడలేదు. పియానో విద్వాంసుడు పాడెరెవ్‌స్కీ 1919లో ఆ దేశానికి ప్రధానమంత్రి అయ్యాడు. ఈ చిత్రం వెలువడిన ఏటనే న్యూయార్కులో కన్నుమూశాడు. వార్సాను ఆక్రమించిన జర్మన్లు 1940 మే 31న అక్కడి షోపాన్ విగ్రహాన్ని పేల్చివేశారు. అదే సంవత్సరం బ్రిటన్ గగనతలంలో జరిగిన పోరాటంలో 145 మంది పోలిష్ వైమానికులు పాల్గొన్నారు. రాడెట్‌స్కీ వారి ప్రతినిధి. ఆ పాత్రను ధరించిన ఆంటన్ వాల్‌బ్రుక్ కూడ ప్రవాసియే; 1936లో నాజీల జర్మనీని విడిచిన ఆస్ట్రియన్.

చిత్రానికి ప్రాణం ‘వార్సా కన్సర్టో’. రిచర్డ్ ఆడిన్‌సెల్ దానిని రఖ్మానినోవ్ ఫక్కిలో కూర్చాడు. వాద్యబృందానికి అమర్చినవాడు రాయ్ డగ్లస్. తెర వెనుక పియానో వాయించినవాడు లూయీ కెంట్నర్. ఇంచుమించు తొమ్మిది నిమిషాల చిన్న రచన అది. అయినా కథలో దాని స్థానం గమనింపదగినది. ముట్టడిలో ఉన్న నగరంలో, కారోల్ సమక్షంలో, ఆ రాగం రూపుదిద్దుకుంది. నగరమూ ప్రేయసీ అందులో వేరు చేయరాని విధంగా కలిసిపోయారు. అందువల్లనే స్మృతి మరల మేల్కొన్నపుడు ఆ రెండు ప్రేమలూ కలిసే వస్తాయి. మాటలతో తెగని తగవు రాగంతో తీరుతుంది.

చరిత్ర అంత దయ చూపలేదు. 1944 తిరుగుబాటును అణచిన పిదప జర్మన్లు వార్సాను ఒక పద్ధతి ప్రకారం నేలమట్టం చేశారు. 1945 జులై 5న బ్రిటన్, లండనులోని పోలిష్ ప్రవాస ప్రభుత్వానికి తన గుర్తింపును ఉపసంహరించి, సోవియట్ ప్రాబల్యంలో వార్సాలో ఏర్పడిన ప్రభుత్వాన్ని గుర్తించింది. బ్రిటన్ పక్షాన పోరాడిన పోలిష్ సైనికులలో వేలాదిమంది ప్రవాసులుగానే మిగిలిపోయారు. 1941లో ఈ చిత్రాన్ని చూసిన ప్రేక్షకులు దీనిని ఊహించి ఉండరు. త్యాగం చేయుమని చిత్రం వీరులను కోరింది. విజయానంతరం వారికి ఇల్లు మిగులుతుందా అన్న ప్రశ్నను అది వేయలేదు. అందుచేత నేడు ఆ రాగం వినేవారికి శౌర్యం కంటె ఎడబాటే అధికంగా వినిపిస్తుంది.

షోపాన్ విగ్రహం వార్సాలో 1958లో మరల నిలిచింది. రాడెట్‌స్కీ వంటివారిలో పలువురు దానిని చూడడానికి తిరిగి వెళ్ళలేదు.