బిల్వస్వర్గం ఎముకల సాక్ష్యం

కర్నూలు సీమలో ఎర్రమల కొండల చుట్టూ మైళ్ల కొద్దీ సున్నపురాయి పరుచుకుని ఉంది. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతాల్లో దాన్ని బండలుగా కోసి ఇళ్లకు నేల పరుస్తారు, పొడి చేసి సిమెంటు వండుతారు. మనిషి చేయి పడక ముందు లక్షల ఏళ్లుగా ఈ రాతిని కోసింది వాన నీరే. మట్టిలోంచి దిగేటప్పుడు అక్కడి కార్బన్ డయాక్సైడును కలుపుకుని, పలచటి ఆమ్లంగా మారి, పగుళ్ల వెంట రాతిని కరిగించుకుంటూ లోపలికి పోయింది. బెలుం, వాల్మీకి, బిల్వస్వర్గం గుహలు అలా ఏర్పడ్డవే. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న బెలుం గుహలను ఏటా వేలమంది చూసి వస్తారు. బేతంచెర్ల దగ్గరి బిల్వస్వర్గం పేరు మాత్రం పక్క జిల్లాల వాళ్లకే సరిగా తెలియదు. అయినా వాతావరణం మారితే జీవజాలానికి ఏమవుతుందన్న నేటి ప్రశ్నకు మన నేల మీద దొరికే అతి పాత సమాధానాల్లో ఒకటి అక్కడి మట్టిలోనే ఉంది. ఆ సమాధానం ఇది: తన ఒంటి బలంతోనే గండం గట్టెక్కిన జంతువు అరుదు. కదలడానికి దారి ఉన్నంత కాలం అవి బతికాయి. దారి మూసుకుపోయిన చోట వాతావరణం కొద్దిగా మారినా చాలు, జాతి నిలవదు.

ఈ గుహల్లో ఎముకలున్నాయని లోకానికి మొదట తెలిపింది కెప్టెన్ న్యూబోల్డ్. 1844లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ఆయన రాసిన వ్యాసం దాదాపు నలభై ఏళ్లు ఎవరినీ కదిలించలేదు. పాతరాతియుగపు మనిషి ఆనవాళ్లు దొరకవచ్చన్న ఆశతో ఆ గుహలను తవ్వించమని ఇంగ్లండు శాస్త్రవేత్త హక్స్‌లీ మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు సూచించాడు. ఆ పని భూగర్భ సర్వే శాఖలోని రాబర్ట్ బ్రూస్ ఫుట్ మీద పడింది. 1863లో పల్లావరం దగ్గర రాతి గొడ్డలిని గుర్తించి, మన దేశపు ఆదిమ మానవుడి చరిత్రకు తలుపు తీసినవాడు ఆయనే. 1883 నుంచి 1885 దాకా ఫుట్, సైన్యంలో పనిచేస్తున్న ఆయన కొడుకు హెన్రీ కలిసి బిల్వస్వర్గాన్ని తవ్వారు. ఒక్కో గుహకు తమ దేశపు చర్చిలను తలపించే పేర్లు పెట్టుకున్నారు: కెథీడ్రల్, చాప్టర్ హౌస్, పర్గెటరీ, చార్నెల్ హౌస్. చివరిది ఎముకల కొట్టు అన్న మాట. ఆ పేరుకు తగ్గట్టే అక్కడ ఎముకలు బయటపడ్డాయి. వాటిని పరిశీలించిన రిచర్డ్ లిడెక్కర్ 1886లో ప్రకటించిన జాబితాలో జింకలు, పందులు, కోతులు, గబ్బిలాలతో పాటు ఒక ఖడ్గమృగం కూడా ఉంది. దానికి ఆయన కర్నూలు పేరే పెట్టాడు.

ఇన్ని వేల ఏళ్లు ఆ ఎముకలు నిలవడానికి కారణం గుహ స్వభావమే. రాయలసీమలో గ్రానైటు అరిగి ఏర్పడ్డ ఎర్రనేలల్లో ఎముక త్వరగా కరిగిపోతుంది. సున్నం నిండిన గుహమట్టి మాత్రం దాన్ని కాపాడుతుంది. ఎండావానా తగలవు, వేడిచలి పెద్దగా మారవు. అయితే గుహలో దొరికిన ఎముకలన్నీ గుహలో బతికినవాటివి కావు. గుడ్లగూబ తిని కక్కిన ఎలుకల ఎముకలు, చిరుత లాక్కొచ్చిన కళేబరాలు, ఏదుపంది కొరుక్కోవడానికి పోగేసుకున్నవి అన్నీ అందులో ఉంటాయి. ఏదుపంది పంటి గుర్తు ప్రత్యేకం: ఎముక అంచున ఉలితో గీసినట్టు పక్కపక్కనే సమాంతరంగా గాట్లు పడతాయి. పంటి గాటును మనిషి కోతగా పొరబడే ప్రమాదం ఎప్పుడూ ఉండేది కాబట్టే, ఎముక పనిముట్లు దొరికాయని ఫుట్ చెప్పినా చాలాకాలం అనుమానాలు తీరలేదు. ఆయన సేకరించినవి తర్వాత కనబడకుండా పోవడంతో తేల్చుకునే వీలూ లేకపోయింది. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి ఆ దగ్గరలోనే ముచ్చట్ల చింతమాను గవిని తవ్వి, రాతి పనిముట్లతో పాటు ఎముక పనిముట్లనూ, పొయ్యి ఆనవాలునూ బయటపెట్టారు. కాలిన మట్టి వయసు సుమారు 17 వేల ఏళ్లని తేలింది. ఈ గుహల్ని జంతువులతో పాటు మనుషులూ వాడుకున్నారని అలా రుజువైంది.

బిల్వస్వర్గం అసలు విలువ మాత్రం ఈ శతాబ్దంలోనే బయటపడింది. పరిశోధకులు అక్కడ మళ్లీ తవ్వి, పొరల వయసు కట్టి, ఏ పొరలో ఏ జంతువుందో సరిచూశారు. 2014లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం దాదాపు రెండు లక్షల ఏళ్ల కాలంలో గుర్తించగలిగిన 21 రకాల క్షీరదాల్లో 20 నేటికీ భారత ఉపఖండంలో ఉన్నాయి. పూర్తిగా పోయింది ఒక్కటే: ఇథియోపియా కొండల మీద గడ్డి మేసే గెలాడా కోతికి దగ్గరి చుట్టం. నీల్గాయి, కృష్ణజింక వంటివి ఆ కాలమంతా కొనసాగాయి. ఆ కాలం ప్రశాంతంగా గడిచిందేమీ కాదు. మంచుయుగాలు వచ్చిపోయాయి. రుతుపవనాలు బలహీనపడినప్పుడు అడవి తగ్గి గడ్డినేల పెరిగింది, బలపడినప్పుడు మళ్లీ అడవి పరుచుకుంది. అదే సీమలోని వాల్మీకి గుహలో నేలనుంచి పైకి పెరిగిన సున్నపు స్తంభం పొరలను చదివితే, 15 వేల ఏళ్ల కిందటి ఒక్క వెయ్యేళ్ల వ్యవధిలోనే రుతుపవనం ఎన్ని హెచ్చుతగ్గులకు లోనైందో తెలుస్తోంది. 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం బద్దలైతే దాని బూడిద జుర్రేరు లోయలో జ్వాలాపురం దాకా వచ్చి పడింది. నేటికీ అక్కడ తెల్లటి దిబ్బలుగా కనిపిస్తుంది. ఇంత జరిగినా జంతువుల జాబితా దాదాపు చెక్కుచెదరలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. ఉపఖండం అంతటినీ చూస్తే నష్టం లేకపోలేదు. పెద్ద దంతాల ప్రాచీన ఏనుగులు, నీటిగుర్రాలు, అడవి ఎద్దులు అంతరించాయి. నిప్పుకోడి మన దేశంలో లేకుండా పోయింది. గుహలో దొరికే ఎముకల్లో ఇలాంటి భారీ జంతువులవి తక్కువే ఉంటాయి కనుక బిల్వస్వర్గం లెక్క కొంత ఆశావహంగా కనిపించవచ్చు. ఈ మాట నిజమే. అయినా అమెరికాలు, ఆస్ట్రేలియాలతో పోలిస్తే మన దగ్గర పోయినవి చాలా తక్కువ. పోయినవి కూడా మనిషి వచ్చాకనే ఎక్కువగా పోయాయని, కేవలం వాతావరణాన్ని నిందించలేమని తర్వాతి పరిశోధనలు చెబుతున్నాయి. ఖడ్గమృగం సంగతి ఇంకా ముఖ్యం. ఉపఖండంలో అది బతికే ఉంది, కానీ కర్నూలులో లేదు. ఇప్పుడు అస్సాంలోనో ఉత్తర బెంగాల్లోనో నేపాల్లోనో చూడాలి. అంటే బతకడం అన్నది ఉన్నచోటే పాతుకుపోవడం కాదు. ఒకచోట నీళ్లెండితే మరోచోటికి జరగడం, అక్కడ పచ్చబడితే కొన్ని తరాల తర్వాత తిరిగి రావడం. 2014 పరిశోధకులూ ఈ మనుగడకు కారణం అదేనన్నారు: అడవి, గడ్డినేల, రాతి గుట్టలు, నీటి పట్టులు పక్కపక్కనే ఉండటం, వాటి మధ్య రాకపోకలు తెగకపోవడం.

కాబట్టి "మంచుయుగాలనే దాటిన జంతువులకు ఈ వేడి ఒక లెక్కా" అనే వాదన ఈ ఎముకలనుంచి పుట్టదు. ఆ వాదన ఫలితాన్ని తీసుకుని కారణాన్ని వదిలేస్తోంది. అప్పటి మార్పులు చాలావరకు వేల ఏళ్ల మీద జరిగాయి, ఇప్పటిది దశాబ్దాల్లో జరుగుతోంది. అంతకన్నా పెద్ద తేడా నేలలో ఉంది. అదే పాత కర్నూలు జిల్లాలో బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైన రోళ్లపాడు అభయారణ్యం విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. చుట్టూ కాలువ నీరు వచ్చి గడ్డినేలలు పంట పొలాలయ్యాయి. ఆ పిట్ట ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. కృష్ణజింకలు మాత్రం అక్కడ మిగిలాయి, పొలాల్లో పడితే రైతుతో తగువు తప్పదు. రెండు లక్షల ఏళ్లు ఎల్లలు లేకుండా తిరిగిన జంతువుకు మిగిలింది అంత తునక. కరువు వస్తే ఎటు పోతుంది? బిల్వస్వర్గం పొరల్లో ఎన్నడూ లేని పరిస్థితి ఇది.

గుహలు చెప్పే రెండో పాఠం దీనికి పూర్తిగా విరుద్ధంగా కనిపిస్తుంది. పైన తిరిగేవాటికి కదలిక ప్రాణమైతే, గుహ నీళ్లలో బతికేవాటికి నిలకడే ప్రాణం. పల్నాడులోని గుత్తికొండ బిలం నీళ్లలో దొరికిన ఒక చిన్న జీవిని 2011లో విల్సన్ అనే శాస్త్రవేత్త, నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన రంగారెడ్డి కలిసి ఆంధ్రకాయిడిస్ అనే కొత్త ప్రజాతిగా వర్ణించారు. రొయ్యల, పీతల వర్గానికి చెందిన ఈ ప్రాణికి కళ్లు లేవు, రంగు లేదు. దాని దగ్గరి చుట్టాలు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. అంటే ఈ రెండు నేలలూ ఒకే ఖండంగా ఉన్ననాటి నుంచి, పది కోట్ల ఏళ్లకు పైగా ఈ వంశం నీటి చీకటిలో నిలిచింది. గుహలోపలి వేడి బయటి ఏడాది సగటుకు దగ్గరగా, పెద్దగా మారకుండా ఉంటుంది. ఆహారం నీటితో కొట్టుకొచ్చే ఆకులలము, గబ్బిలాల రెట్ట. ఇంత నిలకడకు అలవాటుపడ్డ జీవికి పక్క లోయకు వలసపోవడం తెలియదు. బోర్లు లోతుకు పోయి నీటిమట్టం పడిపోతే, గబ్బిలాలు బెదిరి గుహ విడిచిపోతే, దానికి మరో చోటు లేదు. కర్ణాటకలో కోలారు జిల్లా హనుమనహళ్లిలో ఒక్క గుహకే పరిమితమైపోయిన ఆకుముక్కు గబ్బిలం గ్రానైటు క్వారీల వల్ల ఎలా అంచుకు చేరిందో చూస్తే ఈ భయం ఊహ కాదని తెలుస్తుంది.

రాయి కోసి బతికే వేల కుటుంబాల సంగతేమిటని అడిగేవారికి సూటిగా జవాబు చెప్పాలి. బేతంచెర్ల బండల గనులు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, సిమెంటు ఫ్యాక్టరీలు ఈ ప్రాంతాలకు కూడు పెట్టేవి. వాటిని మూయమనడం అన్యాయం, అవసరమూ కాదు. సున్నపురాయి వందల చదరపు కిలోమీటర్లలో ఉంది, గుహలున్నది అందులో కొద్ది చోట్లే. లీజు ఇచ్చే ముందు ఆ గుట్టలో గుహ ఉందా, అందులో నీరుందా, గబ్బిలాలున్నాయా, తవ్వని ఎముకల మట్టి ఉందా అని చూసే పద్ధతి ఉంటే నష్టపోయేది చాలా తక్కువ. పొర లేచిపోయిన గుహ మట్టిని ఏ డబ్బూ మళ్లీ పేర్చలేదు. పర్యాటకం కూడా ఇందుకు మినహాయింపు కాదు. దీపాల వేడికి, వెలుతురుకు గోడల మీద పాచి పడుతుంది, జన సందడికి గబ్బిలాలు తొలగిపోతాయి. చూడటానికి కొన్ని గుహలు, కదిలించకుండా వదిలేయడానికి మరికొన్ని అని వేరుచేసుకోవడం మన చేతిలో పనే.

ఫుట్ తవ్వింది ఆదిమ మనిషి ఆనవాళ్ల కోసం. దొరికింది అంతకన్నా పనికొచ్చే సంగతి: ఒక నేల తన ప్రాణులను ఎలా కాపాడుకుంటుందో చెప్పే లెక్క. ఆ లెక్క ప్రకారం పైన గడ్డినేలకూ అడవికీ మధ్య దారులు తెరిచి ఉంచాలి, కింద నీటిమట్టం నిలవాలి. నల్లమలకూ శేషాచలానికీ మధ్య అడవి తెగకుండా చూడటం, మిగిలిన గడ్డినేలలను బంజరు పేరుతో పంచిపెట్టకపోవడం, గుహల చుట్టూ బోర్లకూ క్వారీలకూ హద్దు పెట్టడం వేరువేరు కోరికలు కావు. ఇవన్నీ ఒకే సాక్ష్యం నుంచి వచ్చే కర్తవ్యాలు. వాతావరణం మారకుండా కర్నూలు ఒక్కటే ఆపలేదు. మారినప్పుడు జీవానికి చోటు మిగలాలా వద్దా అన్నది మాత్రం ఆ రాయిని కోసే, ఆ నీళ్లు తోడే, ఆ అనుమతుల మీద సంతకం పెట్టే మనుషులే తేలుస్తారు.