మాస్టర్ ప్లాన్‌లో మన వాడ ఎక్కడుంది?

పట్నం ఊరి మీదికి వచ్చేటప్పుడు ముందుగా తాకేది ఊరి చివర. ఊరి చివరనే మాలపల్లె, మాదిగగూడెం ఉంటాయి. వాటిని ఆనుకుని శ్మశానం, బంజరు, ఎప్పుడో సర్కారు పట్టా ఇచ్చిన ఎకరం, రెండెకరాల చెలక ఉంటాయి. అందుకే పట్టణ విస్తరణ ఊరందరికీ ఒకేసారి, ఒకేలా రాదు. రింగ్ రోడ్డు గీత, డంపింగ్ యార్డు, లేఅవుట్ హద్దు రాయి చాలాచోట్ల వాడ దగ్గరే మొదలవుతాయి.

జేసీబీ వచ్చిన రోజున మనం ధర్నాకు కూర్చుంటాం. కానీ ఆ జేసీబీకి దారి ఇచ్చిన నిర్ణయం అప్పటికి చాలా ఏళ్ల ముందే ముసాయిదా మ్యాపులో జరిగిపోయి ఉంటుంది. పెరిగే జనాభా కోసం స్థానిక సంస్థలు ప్లాన్ ఎలా వేస్తాయి, అందులో దళితులు ఏ మెట్టు దగ్గర నష్టపోతున్నారు, ఏ మెట్టు దగ్గర చట్టం మనకు మాట్లాడే చోటు ఇస్తుంది అన్నది ఈ వ్యాసం వివరిస్తుంది.

అంతా జనాభా లెక్కతో మొదలు

మాస్టర్ ప్లాన్ అంటే సాధారణంగా రాబోయే 20 ఏళ్ల కోసం వేసే చట్టబద్ధమైన పత్రం. ఆనాటికి పట్టణంలో ఎంతమంది ఉంటారు, వాళ్లకు ఇళ్లు, రోడ్లు, నీళ్లు, బడులు, పరిశ్రమల కోసం ఎంత భూమి కావాలి అని అంచనా వేస్తారు. ఆ అంచనాను బట్టి ఒక్కో సర్వే నంబరును నివాస, వాణిజ్య, పారిశ్రామిక, వ్యవసాయ, గ్రీన్ జోన్లలో ఏదో ఒకదానిలో చూపిస్తారు. గత జనగణనల్లో కనిపించిన పెరుగుదల రేటును ముందుకు పొడిగించడమే ఈ అంచనాకు పునాది.

ఆ పునాదే ఇప్పుడు పాతబడింది. దేశంలో చివరి జనగణన 2011లో జరిగింది. అప్పటికి ఇప్పటి తెలంగాణ ప్రాంతంలో సుమారు 39 శాతం, 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 29.5 శాతం జనం పట్టణాల్లో ఉన్నారు. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. ఆ తర్వాత వేసిన ప్లాన్లన్నీ 2011 అంకెల మీద కట్టిన అంచనాలే.

దీనివల్ల మనకు రెండు నష్టాలు. అంచనా మొత్తం తలలను లెక్కిస్తుంది గానీ, ఆ తలలు ఎవరివో చెప్పదు. ఊరి నుంచి వచ్చి గుడిసె వేసుకున్న కూలీ, గుర్తింపు లేని బస్తీలోని పారిశుద్ధ్య కార్మికురాలు, ఇటుక బట్టీల దగ్గర ఆరు నెలలుండి పోయే వలస కుటుంబం ఆ లెక్కలో 'జనాభా' అవుతారు తప్ప, ఇల్లు కేటాయించాల్సిన మనుషులు కారు. ఇక రెండోది, వార్డుల వారీగా ఎస్సీల జనాభా అధికారిక లెక్క 2011 దగ్గరే ఆగిపోయింది. రిజర్వేషన్ సీట్లు, నిధుల కేటాయింపులు ఆ అంకె మీదే ఆధారపడతాయి.

ప్లాన్ వేయాల్సింది ఎవరు, వేస్తున్నది ఎవరు

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. దానితో చేరిన 12వ షెడ్యూల్ మునిసిపాలిటీలకు అప్పగించదగిన 18 అంశాలను పేర్కొంది. అందులో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగ నియంత్రణ. మురికివాడల అభివృద్ధి, శ్మశానాల నిర్వహణ కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. 243 జెడ్‌డి అధికరణ ప్రకారం పంచాయతీల, మునిసిపాలిటీల ప్రణాళికలను కలిపి జిల్లా ప్రణాళికా సంఘం ముసాయిదా తయారు చేయాలి. ఆ సంఘంలో అయిదింట నాలుగు వంతుల సభ్యులు ఎన్నికైన స్థానిక ప్రతినిధుల నుంచే రావాలి. పది లక్షలు దాటిన మహానగర ప్రాంతాలకు 243 జెడ్‌ఈ అధికరణ మహానగర ప్రణాళికా సంఘాన్ని నిర్దేశించింది.

ఆచరణలో ఈ సంఘాలు చాలాచోట్ల పేరుకే మిగిలాయి. అసలు పని పట్టణాభివృద్ధి సంస్థల చేతిలో ఉంది. 2008లో ఏర్పడిన హెచ్‌ఎండీఏ, 2014 చట్టంతో వచ్చిన సీఆర్‌డీఏ, హైదరాబాద్‌కు దక్షిణాన 56 గ్రామాలతో 2025లో ఏర్పడిన ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థ ఈ కోవలోవే. వీటిని నడిపేది ప్రభుత్వం నియమించిన వాళ్లు, అధికారులు. ఇక్కడ ఎస్సీలకు రిజర్వేషన్ ప్రశ్నే రాదు. రిజర్వుడు సీటులో గెలిచిన దళిత సర్పంచ్‌కు తన ఊరి మ్యాపు మీద సంతకం చేసే అధికారం లేకుండా పోతుంది. రాజ్యాంగం ఒక చేత్తో ఇచ్చిన ప్రాతినిధ్యం, భూమి విషయం దగ్గరికి వచ్చేసరికి మరో చేత్తో వెనక్కి పోతోంది.

అసైన్డ్ భూమి: కాగితం ఉన్నా హక్కు సగమే

తెలంగాణలో లావుణి పట్టా, ఆంధ్రలో డీకేటీ పట్టా అంటాం. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన ఈ భూములు అన్యాక్రాంతం కాకుండా 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం తెచ్చారు. దాన్నే పీఓటీ చట్టం అంటున్నాం. దీని ప్రకారం అమ్మకం చెల్లదు. కొన్నవాళ్లను తొలగించి భూమిని తిరిగి పేదకు ఇప్పించే వీలుంది. రక్షణ కోసం పెట్టిన ఈ నిబంధనే పట్టణం దగ్గరైనప్పుడు మన మీదికి తిరుగుతోంది. 'ఇది సర్కారు భూమే, సర్కారుకే కావాలి' అని వెనక్కి తీసుకుంటారు. పక్క చేను పట్టాదారుకు మార్కెట్ ధర, అసైన్డ్ రైతుకు ఎంతో కొంత ఎక్స్‌గ్రేషియా.

ఈ తేడా చట్టబద్ధం కాదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పెద్ద ధర్మాసనం 2004లో మేకల పాండు కేసులో చెప్పింది. ప్రజా ప్రయోజనం కోసం అసైన్డ్ భూమిని తీసుకున్నా, పట్టాదారుతో సమానంగా పూర్తి మార్కెట్ విలువ చెల్లించాలన్నది ఆ తీర్పు సారం. 2013 భూసేకరణ చట్టం కూడా భూ యజమాని నిర్వచనంలోకి అసైన్డ్ భూములను తెచ్చింది. ఎస్సీ, ఎస్టీల భూమి పోతే అంతే భూమి లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అది ఇవ్వాలని ఆ చట్టం రెండో షెడ్యూల్ చెబుతుంది. ఎస్సీలను నిర్వాసితులను చేస్తే వాళ్ల కోసం విడిగా అభివృద్ధి ప్రణాళిక ఉండాలని 41వ సెక్షన్ అంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2023లో పీఓటీ చట్టాన్ని సవరించి, అసైన్ చేసి 20 ఏళ్లు దాటిన భూములను అమ్ముకునే హక్కు అసలు లబ్ధిదారులకు, వారసులకు కల్పించారు. యాజమాన్యం దక్కడం న్యాయమే. అయితే పక్కనే రింగ్ రోడ్డు వస్తోందని బ్రోకర్‌కు తెలిసి రైతుకు తెలియనప్పుడు, ఆ హక్కు తక్కువ ధరకు భూమి జారిపోయే దారి కూడా అవుతుంది. మాస్టర్ ప్లాన్ సమాచారం వాడకు చేరడం ఎందుకు ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

అమరావతి చెప్పే పాఠం

భూసేకరణ చట్టం పెట్టే షరతులు తప్పించుకోవడానికి ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న పద్ధతి భూ సమీకరణ, అంటే ల్యాండ్ పూలింగ్. రైతు 'స్వచ్ఛందంగా' భూమి ఇస్తాడు, అభివృద్ధి చేసిన ప్లాటు తిరిగి తీసుకుంటాడు. ఇది సేకరణ కాదు కాబట్టి ఆ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా, పునరావాస హక్కులు వర్తించవు.

అమరావతిలో 2015 నుంచి 29 గ్రామాల్లో ఇది అమలైంది. ఎకరం మెట్ట పట్టా భూమికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం అన్నారు. జరీబు భూమికి వాణిజ్య స్థలం 450 గజాలు. అసైన్డ్ భూములకు మాత్రం 2016 ఫిబ్రవరిలో వచ్చిన జీవో 41తో విడిగా వర్గాలు చేసి తక్కువ ప్లాట్లు నిర్ణయించారు. ఆలోపే ఆ భూములు భయపెట్టి చవకగా కొనేశారన్న ఆరోపణలు కేసుల దాకా వెళ్లాయి. ఒకే కాలువ కింద, ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు ఎకరాలకు రెండు విలువలు. తేడా నేలలో లేదు, పట్టా కాగితంలో ఉంది.

భూమే లేని వాళ్ల సంగతి ఇంకొకటి. భూ యజమానికి మెట్ట ఎకరాకు ఏడాదికి 30,000, జరీబు ఎకరాకు 50,000 రూపాయల కౌలు, ఏటా పెంపుతో పదేళ్లపాటు ప్రకటించారు. భూమిలేని కూలీ కుటుంబానికి అప్పట్లో ప్రకటించింది నెలకు 2,500 రూపాయల పింఛను. ఏడాది పొడవునా మూడు పంటల పనులు దొరికే పొలాల్లో కూలీ చేసిన కుటుంబంలో పనిచేసేది ఒక్కరే కాదు. ఆ పని దినాలన్నిటికీ కట్టిన వెల అది. భూమి విలువను గజాల్లో కొలిచే ప్లాన్‌కు, పని విలువను కొలిచే గడి లేదు.

ఊరు మునిసిపాలిటీలో కలిస్తే

విస్తరణలో మరో దారి విలీనం. 2007లో 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి జీహెచ్‌ఎంసీని చేశారు. 2024లో ఔటర్ రింగ్ రోడ్డు లోపలి 51 గ్రామ పంచాయతీలను చుట్టుపక్కల మునిసిపాలిటీల్లో కలిపారు. విలీనమైన మరునాటి నుంచి గ్రామసభ ఉండదు. గ్రామీణ ఉపాధి పథకం కింద పని అడిగే హక్కు పోతుంది, ఎందుకంటే అది పల్లెలకే. ఇంటి పన్ను, ఇంటి అనుమతి ఫీజులు పట్టణ రేట్లకు మారతాయి. డ్రైనేజీ, మంచినీళ్లు మాత్రం అదే వేగంతో రావు.

ప్రాతినిధ్యం కూడా పలచబడుతుంది. 243 టి అధికరణ ప్రకారం ఎస్సీ సీట్లు ఆ మునిసిపాలిటీలోని ఎస్సీ జనాభా నిష్పత్తిలో ఉండాలి. 2011 లెక్కల్లో తెలంగాణలో ఎస్సీలు 15.45 శాతం, హైదరాబాద్ జిల్లాలో 6.29 శాతం. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో 150 వార్డులకు ఎస్సీలకు దక్కినవి 10. ఎస్సీలు ఎక్కువగా ఉన్న శివారు ఊరు పెద్ద నగరంలో కలిసినప్పుడు, తన ఊళ్లో బలంగా ఉన్న సంఖ్య నగరం లెక్కలో చిన్న శాతంగా మారుతుంది. దానికి తోడు వార్డు హద్దు వాడ మధ్య నుంచి వెళితే, ఒక్క వార్డులో గెలిపించగల ఓట్లు రెండు వార్డుల్లో ఎవరికీ పట్టని ఓట్లవుతాయి.

మ్యాపులో లేని శ్మశానం

దళితుల శ్మశానాలు చాలా ఊళ్లలో వాడుకలో ఉన్నాయి, రికార్డులో లేవు. రెవెన్యూ రికార్డులో అది పోరంబోకు. ప్లాన్ తయారుచేసే కన్సల్టెంట్‌కు అది ఖాళీ ప్రభుత్వ స్థలం. అక్కడ పార్కో, రోడ్డో గీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాడకు వెళ్లే బాట, కల్లం, పశువుల మేత స్థలం కూడా ఇంతే. శ్మశానాన్ని, ఉమ్మడి వనరులను ఇతరులతో సమానంగా వాడుకోనీయకుండా అడ్డుకోవడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో నేరమైంది. అదే చట్టంలో 3(1)(ఎఫ్), (జి) క్లాజులు ఎస్సీల భూమిని అక్రమంగా ఆక్రమించడాన్ని, వారిని వెళ్లగొట్టడాన్ని నేరాలుగా చెబుతాయి.

ఎక్కడ పట్టుకోవాలి

ముసాయిదా దశలో పోరాడితే ఫలితం ఉంటుందని కామారెడ్డి చూపింది. పంట భూములను పారిశ్రామిక, గ్రీన్ జోన్లలో చూపారని, పొలాల మీదుగా రోడ్లు గీశారని రైతులు తిరగబడ్డారు. 2023 జనవరిలో మునిసిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే నెలలో అదే జరిగింది. అయితే పాస్‌బుక్ చేతిలో ఉన్న రైతుకు అభ్యంతరం రాయడం తేలిక. కౌలుదారుకు, ఇంటి స్థలం పట్టా మాత్రమే ఉన్న కూలీకి అది అంత తేలిక కాదు. ఆ పనిలోనే సంఘాలు, విద్యార్థులు తోడు నిలవాలి.

చేయాల్సిన పనులు ఇవి:

- ముసాయిదా ప్రకటన వెలువడగానే మ్యాపును, భూ వినియోగ పట్టికను తెచ్చుకుని వాడలోని ప్రతి సర్వే నంబరుకు ఏ రంగు వేశారో చూడాలి. గడువు తేదీ గోడ మీద రాసి పెట్టాలి.
- అభ్యంతరాలు ఉమ్మడి వినతిగానే కాక కుటుంబాల వారీగా, సర్వే నంబర్లతో ఇవ్వాలి. ప్రతిదానికీ రసీదు తీసుకోవాలి.
- విలీన ప్రతిపాదన వినగానే గ్రామసభ తీర్మానం చేయించాలి. శ్మశానం, బాట, ఇళ్ల స్థలాల కొలతలు ఆ తీర్మానంలో నమోదు చేయించాలి.
- అసైన్డ్ పట్టాలు, పహాణీలు, అడంగళ్ నకళ్లు ముందే సేకరించి పెట్టుకోవాలి. చనిపోయిన వారి పేర్ల మీద ఉంటే వారసత్వ మార్పిడి చేయించాలి.
- పూలింగ్ అంటే, అసైన్డ్ భూమికి పట్టాతో సమాన వాటా అన్న మాట నోటితో కాక రాతపూర్వకంగా అడగాలి. కూలీ కుటుంబాల జాబితాను మనమే తయారు చేసి ఇవ్వాలి.
- ఎస్సీ ఉప ప్రణాళిక నిధుల్లో మీ మునిసిపాలిటీ ఏ వాడలో ఎంత ఖర్చు చేసిందో సమాచార హక్కు కింద అడగాలి. దీనికి ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2013 చట్టం, తెలంగాణలో 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఆధారం.

కొత్త జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఆ అంకెలు వచ్చాక వార్డులు మళ్లీ గీస్తారు, మాస్టర్ ప్లాన్లు మళ్లీ రాస్తారు. 2011 తర్వాత ఇంత పెద్ద దిద్దుబాటుకు వీలు దొరకడం ఇదే మొదటిసారి. ఎన్యూమరేటర్ వచ్చిన రోజున గుర్తింపు లేని బస్తీలోనూ ప్రతి ఇల్లూ లెక్కకెక్కాలి, కులం సరిగ్గా నమోదు కావాలి. ఆ రోజు తప్పిపోయిన గుడిసె ఇరవై ఏళ్ల ప్లాన్‌లో ఖాళీ స్థలంగానే ఉండిపోతుంది.